బాయి బొమ్మ: వస్తువు, శిల్పం, శ్రమ

తెలుగు సాహిత్య విమర్శలో 'శిల్పం' అనే మాట పడ్డన్ని పాట్లు మరో మాట పడి వుండదు. విప్లవ రచయితలు వస్తువు మీద పెట్టిన శ్రద్ధ శిల్పం మీద పెట్టలేదని ఒకరంటే, శిల్పం పేరుతో వస్తువును పలచన చేస్తున్నారని మరొకరన్నారు. అర్ధ శతాబ్దంగా నడుస్తున్న చర్చ యిది. ఈ చర్చలో మనం మరిచిపోయిన సంగతొకటుంది. శిల్పమంటే మొదట రాయి, మట్టి, లోహం. ఉలి పట్టిన చెయ్యి. కథలోకీ కవిత్వంలోకీ ఆ మాట ఉపమానంగానే వచ్చింది. ఉపమానం మీద ఇన్నేళ్ళు వాదించుకున్నాం గాని, అసలు శిల్పం మన ఉద్యమ ప్రాంతాల్లో ఏం చేస్తోందని అడిగినవాళ్ళు తక్కువ.

బొగ్గుబాయిల ప్రాంతం విషయంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ వంటి రచయితల మూలంగా సింగరేణి కార్మికుడు తెలుగు కథలోకీ నవలలోకీ వచ్చాడు. అతని భాష వచ్చింది. మస్టరు, షిఫ్టు, తట్టా చెమ్మాసు, పైకప్పు కూలడం, 1981 సమ్మె, దాని తర్వాత ఏర్పడిన సికాస - ఇవన్నీ అక్షరాల్లోకి ఎక్కాయి. పాటలోకి అంతకు ముందే ఎక్కాయి. బొమ్మలోకి మాత్రం చాలా తక్కువ ఎక్కాయి. చౌరస్తాలో నెత్తిన టోపీ, టోపీకి దీపం, చేతిలో పనిముట్టు, పహిల్వాన్ లాంటి కండలు వున్న విగ్రహం ఒకటి నిలబడి వుంటుంది. దండలు వేసే రోజున దండ వేస్తారు. మన దృశ్యకళ అక్కడే ఆగింది.

ఇప్పుడు ఈ మాటలు రాయడానికి కారణం మందమర్రిలో ఒక కంపెనీ క్వార్టరులో, గోడకు కట్టిన తెల్లదుప్పటి మీద చూసిన మూడున్నర నిమిషాల బొమ్మల సినిమా. దాంతోపాటు కంప్యూటరులో తయారు చేసిన ఒక గని నమూనా, బూడిదతో పోసిన రెండు శిల్పాలు. వీటిని చేసింది ఆ ఊరి నుంచి హైదరాబాదు వెళ్ళి శిల్పకళ చదువుతున్న విద్యార్థి. తండ్రి రిటైరైన బాయి కార్మికుడు. చదువు యింకా పూర్తి కాలేదు, ఇవి పరీక్ష కోసం చేసిన పనులూ కావు. అందువల్ల పేరు రాయడం లేదు. పేరు రాయనంత మాత్రాన మెత్తగా మాట్లాడవలసిన పని లేదు. ఇవి ప్రయోగాలు. కొన్ని ఫలించాయి, కొన్ని విఫలమయ్యాయి. విఫలమైనవి కూడా మనం ఆలోచించవలసిన ప్రశ్నలు వేశాయి.

ముందుగా ఒక వాస్తవం చెప్పుకోవాలి. అండర్‌గ్రౌండ్ బొగ్గుగనిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోకూడదు. మీథేన్ వాయువుకు నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో బొగ్గు ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే కారణంగా సెల్‌ఫోను, మామూలు కెమెరా కూడా తీసుకుపోకూడదు. ఈ నిబంధన న్యాయమైనదే. దాన్ని తప్పు పట్టేవాడు బాయి ఎరగనివాడు. కాని దాని ఫలితం చూడండి. పెళ్ళికీ పేరంటానికీ, కోడి పిల్లలు పెట్టినందుకూ ఫొటోలు తీసుకునే ఈ కాలంలో, ముప్పై ఏళ్ళు బాయి పని చేసిన మనిషికి తాను పని చేసిన చోట దిగిన ఒక్క ఫొటో కూడా వుండదు. భార్య ఆ చోటు చూడలేదు. పిల్లలు చూడలేదు. ఆయన పోయాక ఆ చోటు కూడా వుండదు. బొగ్గు తీసిన జాగాలో పైకప్పును కూలగొడతారు, లేదా ఇసుక నింపుతారు, లేదా నీళ్ళు నిండుతాయి. శ్రమ జరిగిన స్థలమే లేకుండా పోయే పరిశ్రమ యిది. పొలం వుంటుంది, మగ్గం వుంటుంది. బాయి వుండదు.

కాబట్టి ఇక్కడ యానిమేషన్ అనేది పిల్లల వినోదం కాదు. కెమెరా పోలేని చోటికి పోగలిగిన సాధనం చేతి బొమ్మే. ఈ విద్యార్థి ఈ సంగతి గ్రహించాడనడంలో సందేహం లేదు. అయితే గ్రహించడానికి ఒక దెబ్బ తినవలసి వచ్చింది.

మొదట అతను గనిని కంప్యూటరులో కట్టాడు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేరు వాడాడు. దాన్ని గురించి ఒక మాట చెప్పాలి. కంపెనీలు అమ్మే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ల ధర మధ్యతరగతి విద్యార్థికే అందదు, కార్మికుని కొడుకు సంగతి చెప్పనక్కర లేదు. బ్లెండర్ ఒక ప్రైవేటు కంపెనీ సొత్తుగా మొదలై, ఆ కంపెనీ మూతపడ్డాక, 2002లో జనం చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి దాని మూలాన్ని విడిపించారు. అప్పటి నుంచి అది అందరిదీ. లాత్వియా దేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితో తీసిన 'ఫ్లో' అనే సినిమాకు 2025లో ఆస్కార్ వచ్చింది. ఉమ్మడి ఆస్తి నాసిరకంగా వుంటుందని చెప్పేవాళ్ళకు యిది మంచి జవాబు.

గనిని కట్టడానికి అతను పుస్తకాన్ని ఆధారం చేసుకున్నాడు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదు. ఆ కొలతలతో సొరంగాలు గీశాడు, మధ్య మధ్య బొగ్గు స్తంభాలు వదిలాడు. గోడలకు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నల్లరాతి పూత పూశాడు. అట్లాగే దొరికే ఒక కార్మికుని బొమ్మను తెచ్చి నిలబెట్టాడు. తెచ్చి తండ్రికి చూపించాడు. ఆ తర్వాత జరిగిన సంభాషణను అతనే నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నాకు చూపించాడు.

"గిదేం బాయిరా? గింత వెలుగుంటే మాకు క్యాపుల్యాంపెందుకు?" అన్నాడట తండ్రి.

"నీళ్ళేవి? కాళ్ళ కింద నీళ్ళు లేని బాయెక్కడిది?"

"బాపూ, మూడు మీటర్ల ఎత్తని పుస్తకంల వుంది."

"పుస్తకం రాసినాయన ఎన్నడన్న వొంగి నడిచిండా అడుగు. పొద్దంత నడుము వొంచి, ఇంటికొచ్చినంక గూడ సగం వొంగే నడిచేటోళ్ళం."

ఈ నాలుగు మాటల్లో కళా విమర్శ సమస్తం వుందని నేనంటే అతిశయోక్తి అనుకోకండి. నిబంధన గరిష్ఠ పరిమితిని చెబుతుంది. విద్యార్థి గరిష్ఠాన్ని వాస్తవమనుకున్నాడు. కొలత తప్పు కాదు, అనుభవం తప్పింది. నిటారుగా నిలబడ్డ మనిషిని ఆ సొరంగంలో పెట్టగానే నమూనా మొత్తం అబద్ధమైపోయింది. వాస్తవికత పేరుతో ఎన్నో కథల్లో మనం చేసేది యిదే గదా. కూలి రేటు సరిగ్గా రాస్తాం, జీవో నంబరు సరిగ్గా రాస్తాం, మనిషి నడుము ఎంత వొంగిందో మాత్రం రాయం.

ఇక వెలుతురు. కంప్యూటరు నమూనాలో వెలుతురు ముందే వుంటుంది. లేకపోతే చేసేవాడికే ఏమీ కనపడదు. బాయిలో చీకటే ముందు. వెలుతురును మనిషి నెత్తిన మోసుకుపోవాలి. అతను ఏ వైపు తల తిప్పితే అక్కడ మాత్రమే లోకం వుంటుంది. ఇంకొక విషయం కూడా వుంది. కంప్యూటరులో చేసే వస్తువుకు వెలుపలి తలమే వుంటుంది, లోపల ఖాళీ. గుడ్డుపెంకు లాంటిది. బాయికి వెలుపల అంటూ లేదు, వున్నదంతా లోపలే. అందువల్ల ఆ విద్యార్థి తలాలన్నిటి ముఖాలనూ లోపలికి తిప్పుకోవలసి వచ్చింది. అది సాంకేతికంగా ఒక మీట నొక్కితే అయ్యే పని. దృక్పథం రీత్యా మాత్రం అంత సులువు కాదు. వస్తువును బయటి నుంచి చూసే కళాకారుడు తాను కూడా దాని లోపలికి దిగితే తప్ప ఆ మీట నొక్కాలని తోచదు.

ఈ ముఖం తిప్పుకోవడం చరిత్రలో ఎంత అరుదో గమనించాలి. ఐరోపాలో గని కార్మికులను శిల్పంలోకి ఎక్కించినవాడు బెల్జియం శిల్పి కాన్‌స్టాన్టిన్ మ్యూనియే. 1880లలో బొరినాజ్ బొగ్గు ప్రాంతం తిరిగాడు. గని పేలుడులో చనిపోయిన కొడుకును శవాల మధ్య గుర్తుపట్టి వొంగి చూస్తున్న తల్లిని కంచులో పోశాడు. గొప్ప శిల్పమది, మన గోదావరిఖనిలోనూ నిలబెట్టదగినది. అయినా ఆ తల్లి బాయి పైన వుంది.  ఆయనకు కొంచెం ముందు అదే ప్రాంతంలో మతబోధకునిగా వున్న వాన్ గో 1879లో ఒకసారి గనిలోకి దిగాడు. దిగినవాడు గీసినవి కూడా ఎక్కువగా గనికి పోయేవాళ్ళ, గని నుంచి వచ్చేవాళ్ళ బొమ్మలే. మధ్యలో పని చేసిన గంటలు ఆ బొమ్మల్లో అరుదు.

ఆ మధ్యలోకి దిగిన ఒక పనిని ఈ సందర్భంలో చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1991లో 'మైన్' అనే చిన్న యానిమేషన్ తీశాడు. గని యజమాని పరుపు మీద పడుకుని కాఫీ వడబోసే గాజుపాత్ర పిడిని నొక్కుతాడు. ఆ పిడి పాత్ర అడుగును దాటుతుంది, పరుపును దాటుతుంది, నేలలోకి దిగుతుంది, కార్మికులు పడుకునే అరల గుండా, స్నానాల గదుల గుండా దిగి దిగి గని షాఫ్టుగా మారిపోతుంది. యజమాని ఉదయపు కాఫీకీ కార్మికుని చావుకూ మధ్య వున్న సంబంధం గురించి మనం పది పేజీల వ్యాసం రాస్తాం. ఆయన ఒక్క కదలికలో చూపించాడు. పైగా ఆయన పద్ధతి విశేషమైంది. ఒక్కో దృశ్యానికి ఒకటే కాగితం. కర్రబొగ్గుతో గీయడం, ఒక ఫ్రేము తీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. చెరిపిన గీత పూర్తిగా పోదు. బూడిదరంగు నీడగా వుండిపోతుంది. కదిలిన ప్రతి చెయ్యీ తన వెనక మరకను వదులుతుంది.

మన విద్యార్థి తన రెండో ప్రయత్నంలో ఈ పద్ధతిని తీసుకున్నాడు. తీసుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. కంప్యూటరు నమూనాను పక్కన పడేయలేదు. దానిలో క్యాపుల్యాంపు ఒక్కటే వెలుగుగా పెట్టి, నడుము వొంచిన మనిషి ఎత్తున కెమెరా పెట్టి, ఆ దృశ్యాలను ఆధారంగా చేసుకుని కాగితం మీద బొగ్గుతో గీశాడు. క్షణానికి పన్నెండు బొమ్మల లెక్కన మూడున్నర నిమిషాలకు రెండువేల ఐదువందల ఇరవై మార్పులు. కాగితాలు మాత్రం ముప్పైకి మించలేదు. ఇక్కడ అతను చేసిన చిన్న ప్రయోగం నాకు బాగా నచ్చింది. తెలుగులో బొగ్గు అంటే కట్టెబొగ్గూ అదే, నేలబొగ్గూ అదే. చిత్రకళ తరగతిలో వాడేది కట్టెబొగ్గు. మందమర్రి బొగ్గుతోనే గీద్దామని అతను చూశాడు. అది కాగితాన్ని గీరుతుంది గాని అంటుకోదు. చివరికి నూరి, జిగురునీళ్ళలో కలిపి, చీకటి నిండిన చోట్ల పూశాడు. అంటే సినిమాలో మనిషి కట్టెబొగ్గు, చీకటి నేలబొగ్గు. తెర మీద ఈ తేడా తెలియదు. కాగితం చూస్తే నేలబొగ్గు పూసిన చోట సన్నని మెరుపు కనిపిస్తుంది.

సినిమాలో అన్నిటికన్నా బలమైన భాగం చప్పుడు. షిఫ్టు మొదట్లో సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. ఖణేలుమంటే కప్పు గట్టిది. బొద్దుమంటే డొల్ల, పొర విడిచింది, కింద నిలబడకూడదు. ప్రాణం చెవిలో వుండే పని యిది. సినిమాలో దాదాపు ఇరవై సెకన్ల పాటు తెర పూర్తిగా నలుపు. తట్టుడు చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఖణ్, ఖణ్, ఖణ్, తర్వాత ఒక్కటి వేరే రకంగా. ఆ ఒక్క చప్పుడుకు, దుప్పటి ముందు కింద కూర్చున్న రిటైరు కార్మికులు ఇద్దరు ముగ్గురు ఒక్కసారిగా తల ఎత్తి క్వార్టరు పైకప్పు చూశారు. నేను తెర చూడటం మాని వాళ్ళను చూశాను. విద్యార్థులు గమనించవలసింది యిది. ఈ సినిమాకు ప్రేక్షకులు ఎవరో ఆ క్షణంలో తేలిపోయింది. హైదరాబాదు గ్యాలరీలో ఆ ఇరవై సెకన్లు వట్టి నల్లతెరే.

సినిమా అక్కడే ముగిసి వుంటే బాగుండేది. కాని ఆఖరి పదిహేను సెకన్లలో బాయి మోకా నుంచి జనం, జెండా, ఎర్రటి సూర్యుడు. మొత్తం నలుపు తెలుపు సినిమాలో ఎరుపు ఒక్కసారిగా వస్తుంది. మిత్రులు కొందరు దీన్ని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. జెండా వద్దని కాదు. ఈ ప్రాంతపు కార్మికులు జెండా పట్టినవాళ్ళే, దానికి మూల్యం చెల్లించినవాళ్ళే. అయితే ఆ కప్పు తట్టిన చప్పుడుకూ ఈ సూర్యునికీ మధ్య దారి ఏది? డొల్ల చప్పుడు విన్నాక కూడా పని ఎందుకు చెయ్యవలసి వచ్చింది? ఎవరు చెయ్యమన్నారు? టన్నుల లెక్క ఎవరిది? కెంట్రిడ్జ్ కాఫీపాత్ర చూపించిన సంబంధం ఇక్కడ లేదు. సంబంధం చూపించలేనప్పుడు రచయిత నినాదంతో పూడ్చుకుంటాడని మనం కథల విషయంలో ఎప్పటినుంచో చెప్పుకుంటున్నాం. బొమ్మకు మినహాయింపు ఎందుకుండాలి? ఇందువల్ల రాజకీయాలు లేకపోతేనే సినిమా గొప్పగా వుండేదని ఎవరైనా అర్థం తీస్తే అది వారి సౌకర్యం కోసం తీసిన అర్థం. ఆ సినిమాకు కావలసింది ఎక్కువ రాజకీయాలు.

ఆ దారి అతని దగ్గరే వుంది. కంప్యూటరు నమూనాలోనే వుంది. బొగ్గు పొరలకు ఇలాంటి నమూనాలు కట్టడం కొత్త కాదు. నేలలోకి బోర్లు వేసి, ఎంత లోతున ఎంత మందం బొగ్గు తగిలిందో లెక్క కట్టి, పొర ఎటు వాలివుందో కంప్యూటరులో ముక్కోణపు తలాలుగా పరచడం గనుల ఇంజనీర్లు రోజూ చేసే పనే. ఆ నమూనాలో ప్రతి ఘనపుటడుగుకూ టన్ను లెక్క వుంటుంది, బూడిద శాతం వుంటుంది, పైన తీయవలసిన మట్టి లెక్క వుంటుంది. పైన వున్న ఊరు కూడా 'పైమట్టి' కిందే జమ. నడుము ఎత్తు మాత్రం ఏ గడిలోనూ వుండదు. అదే గని, అదే తరహా సాఫ్ట్‌వేరు, రెండు నమూనాలు: ఒకటి పెట్టుబడి కన్ను, ఒకటి వొంగిన నడుము కన్ను. ఈ రెంటినీ ఒకే తెర మీద ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎర్ర సూర్యుని అవసరం వుండేది కాదు.

నమూనా నిజంగా వుండటం చావుబతుకుల సమస్య అని కూడా మరవకూడదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఇపి గనిలో నీళ్ళు ముంచెత్తి పదిహేడుమంది కార్మికులు చనిపోయారు. అంతకు ముందు ఏడాది అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలో, పక్కనున్న పాత గని నీళ్ళు ఎక్కడిదాకా వున్నాయో చూపే సరైన పటం లేక, గోడ తెగి తొమ్మిదిమంది నీళ్ళలో చిక్కుకున్నారు. అదృష్టవశాత్తు బయటపడ్డారు. గనిలో పటం తప్పితే మనిషి పోతాడు. బొమ్మ గీసేవానికి ఇంతకంటే గట్టి బాధ్యత ఏ విమర్శకుడూ నేర్పలేడు.

ఇక శిల్పాలు. రెంటిలో ఒకటి పూర్తిగా విఫలమైంది. తట్ట ఎత్తుతున్న కోల్‌ఫిల్లరు. భుజాలు కొండల్లా వున్నాయి, తొడలు స్తంభాల్లా వున్నాయి. సినిమాలో తండ్రి నడుము అంత నిజంగా గీసినవాడు మట్టి ముట్టుకోగానే చౌరస్తా విగ్రహానికి ఎట్లా జారిపోయాడని అడిగితే, శిల్పమంటే అట్లా వుండాలని చేతికి అలవాటయిందన్నాడు. నిజాయితీ గల జవాబు. మద్రాసు మెరీనా మీద 1959లో నెలకొల్పిన దేవీప్రసాద్ రాయ్‌చౌధురీ శ్రామిక విజయం నాటినుంచీ మన శిల్పులకు ఆ కండలు వారసత్వంగా వస్తున్నాయి. ఆ శిల్పంలో కండలకు కారణముంది, నలుగురు కలిసి బండను కదుపుతున్నారు, బరువు కనిపిస్తుంది. దాన్ని చూసి చేసినవాళ్ళు బండను వదిలేసి కండలు వుంచుకున్నారు. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన సంతాల్ కుటుంబం వేరే దారి చూపింది. కంచుకు డబ్బు లేక సిమెంటు, స్థానికంగా దొరికే ఎర్రరాతి గులక కలిపి పోశాడు. ఆ కుటుంబం నడిచే నేలే వాళ్ళ చర్మమైంది. బొగ్గు ప్రాంతంలో పుట్టినవాడు ఇటు చూడాలి.

రెండో శిల్పం ఇటు చూసింది. దాని వెనకనున్న ఆలోచన మామూలుది కాదు. కంప్యూటరు నమూనా నుంచి ఒక భాగాన్ని ప్లాస్టిక్కుతో ముద్రించి, దానిని అచ్చుగా చేసుకుని, థర్మల్ కేంద్రపు బూడిద, సిమెంటు కలిపి సొరంగాల ఖాళీలోకి పోశాడు. అచ్చు విప్పితే మిగిలింది గని కాదు, గనిలోంచి తీసిన భాగం. గ్యాలరీలు గట్టి కడ్డీలయ్యాయి. వదిలిన బొగ్గు స్తంభాలు కన్నాలయ్యాయి. జల్లెడ లాంటి, జాలీ లాంటి బూడిదరంగు పలక. కాలిన బొగ్గు తిరిగి తానున్న జాగా ఆకారం తీసుకుంది. ఆసిఫాబాద్ వైపు ఉషెగావ్ ఓఝాలు డోక్రా బొమ్మ పోసే పద్ధతి అతనికి చిన్ననాటినుంచి తెలుసట. మట్టి మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోతుంది, అది వదిలిన జాగాలోకి లోహం దిగుతుంది. పోయినదాని ఆకారమే బొమ్మ. అడవి చేతివృత్తిలో వున్న ఈ తర్కాన్ని కంప్యూటరు దాకా తెచ్చి మళ్ళీ బూడిదలోకి దింపడం ఈ విద్యార్థి చేసిన పనులన్నిటిలోకీ పెద్దది. లండన్‌లో రేచల్ వైట్‌రీడ్ 1993లో ఒక ఇంటి లోపలి ఖాళీని కాంక్రీటుతో పోసి నిలబెట్టిందని మన విద్యార్థులకు కళాశాలలో చెబుతారు. ఉషెగావ్ గురించి కూడా చెబితే బాగుంటుంది.

అయితే ఇక్కడా నాకొక సందేహం వుంది. ఆ పలకను చేతిలోకి తీసుకున్న ఒక ముసలి కార్మికుడు కన్నంలో వేలు పెట్టి, "గిది పిల్లరు. సరే. మనుషులేరి కొడుకా?" అన్నాడు. విద్యార్థి దగ్గర జవాబు లేదు. నేను కలగజేసుకుని, వాళ్ళు తవ్విందే ఇది, ఈ ఖాళీ అంతా వాళ్ళ శ్రమే గదా అన్నాను. ముసలాయన నన్ను మర్యాదగా చూసి పలక కింద పెట్టాడు. నా జవాబు తెలివైనదే గాని సరైనది కాదని అప్పుడే అనిపించింది. శ్రమను దాని ఫలితంగా మాత్రమే చూపించడం కంపెనీ లెక్కల పుస్తకం కూడా చేస్తుంది. పలక అందంగా వుంది, అదీ ప్రమాదమే. రేపు ఏ అధికారి గదిలోనైనా గోడకు చక్కగా ఇమిడిపోతుంది.

ఈ విద్యార్థి రేపు ఎక్కడికి పోతాడన్నది కూడా విమర్శలో భాగమే. యానిమేషన్ వచ్చినవాడికి హైదరాబాదులో పని వుంది. ఏ పని? విదేశీ సినిమాకు, ధారావాహికకు ముక్కలు ముక్కలుగా వచ్చే పని. ఒకడు బొమ్మకు కీళ్ళు కడతాడు. తోలుబొమ్మ మోచేతికి దారం ముడివేసినట్టే గాని, ముడివేసినవానికి కథ తెలియదు. ఒకడు వెంట్రుకలు చేస్తాడు. ఒకడు తీగలు చెరుపుతాడు. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదులోనూ స్టూడియో వుండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరగకుండా ఆ పులికే ఆస్కార్ వచ్చింది. బహుమతి సభ లోపల జరుగుతుంటే బయట రోడ్డు మీద వందల మంది యానిమేషన్ పనివాళ్ళు ప్రదర్శన చేశారు. 1941లో డిస్నీ స్టూడియోలో సమ్మె చేసినవాళ్ళ వారసులు వాళ్ళు. ఎనిమిది గంటలు చీకటిగదిలో, తానేం చేస్తున్నాడో మొత్తం తెలియకుండా, లక్ష్యం లెక్కన పని చేసే మనిషిని మందమర్రి వాళ్ళు కొత్తగా పరిచయం చేసుకోనక్కర లేదు. విద్యార్థి తండ్రి ఈ పని గురించి విని ఒకటే అడిగాడట: "సంఘముందా?"

చివరగా, మొత్తం పని మీద నాకున్న పెద్ద అభ్యంతరం. ఇందులో వున్నది తండ్రి బాయి. తట్టా చెమ్మాసు, సర్దారు కర్ర, కోల్‌ఫిల్లరు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఈనాడు నలభై వేల దరిదాపుల్లో వుంది. అండర్‌గ్రౌండ్ తగ్గి ఓపెన్‌కాస్టు పెరిగింది. బొగ్గు తీసే పనిలోనూ మట్టి తీసే పనిలోనూ కాంట్రాక్టు కార్మికులు పెద్ద భాగం. వాళ్ళకు క్వార్టరు లేదు, వారసత్వ ఉద్యోగం లేదు. అక్కడ చీకటి లేదు, కావలసినంత ఎండ వుంది, దుమ్ము వుంది. పోయిన బాయిని ప్రేమగా గీయడం ఒక దశ దాటాక బాయిని పండగ బొమ్మ చేస్తుంది. గ్రామం మీద మన కథకులు కొందరు చేసిన పొరపాటే యిది. బతికున్న దోపిడీని వదిలి పోయిన కష్టాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోవడం సులువు.

ఈ మాట అతనితో అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. బాపు బతికుండగా చెయ్యకపోతే ఆ కొలతలు ఎవరు చెబుతారు అన్నాడు. దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. వచ్చేటప్పుడు నోట్‌బుక్కు చివరి పేజీలు తిప్పి చూపించాడు. మట్టి డంపరు తోలే ఒక కాంట్రాక్టు డ్రైవరు చెప్పగా గీసినవి. క్యాబినులో కూర్చున్న మనిషి, చక్రం పక్కన నిలబడితే చక్రంలో సగం కూడా రాని మనిషి, రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి మెడకు కట్టుకున్న తడి తువ్వాల. ఒక బొమ్మ పక్కన, సీటు నుంచి ముందు టైరు దగ్గర నేల కనిపించదని రాసివుంది. ఎంత దూరం కనిపించదో కొలవాలని రాసి, కింద జాగా ఖాళీగా వదిలివుంది.